లక్కు ఎవరి సొమ్ము?

ఇంగ్లీషు మాటలు మన ఇళ్ళలోకి రెండు దారుల్లో వచ్చాయి. కొన్ని వస్తువులతో పాటు సామాను బండెక్కి వచ్చాయి. రైలు వచ్చింది కనక రైలన్నాం. ఫ్యాను వచ్చింది కనక ఫ్యానన్నాం. వాటితో మనకి పేచీ లేదు. రెండో రకం సంగతి వేరు. ఆ వస్తువు మన దగ్గర ముందే ఉంది. దానికి ఒక మాట కాదు, పది మాటలున్నాయి. అయినా సరే ఇంగ్లీషు మాట చక్కా వచ్చి, పీట వాల్చుకు కూర్చుని "వడ్డించండి" అంది. అలాంటి మాటల్లో నాకు ఎప్పటికీ వింతగా ఉండేది "లక్కు".

పొద్దున లేచిన దగ్గర్నుంచీ ఎన్నిసార్లు అంటామో ఓ రోజు లెక్కపెట్టి చూడండి. "లక్కీగా పాలు పొంగకముందే చూశాను." "మా లక్కు బాగుండి బస్సులో సీటు దొరికింది." "ఆ కోడలిదేం లక్కండీ, ఆడపడుచులు లేరు!" నవ్వకండి, ఈ చివరిది మొన్న ఒక పెళ్ళిలో నా చెవులారా విన్నాను. మా నరసరావుపేటలో మేముండే వీధిలో నిలబడి "లక్కీ" అని కేకేస్తే మూడు కుక్కలు తోకాడించుకుంటూ వస్తాయి. తెలుగులో "అదృష్టం" అని కుక్కకి పేరు పెట్టిన వాళ్ళని నేనింతవరకూ చూడలేదు. అదృష్టం అంత తేలిగ్గా పిలిస్తే వచ్చేది కాదని మనకి పుట్టుకతోనే తెలుసు కాబోలు.

ఇంతకీ మనకి మాటలు తక్కువా? నేను చదివింది బి.ఏ. కనక పండితురాలిని కాను గానీ, ఓ మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక కాగితం తీసుకుని రాయడం మొదలుపెడితే రెండు వైపులా నిండింది. అదృష్టం, భాగ్యం, యోగం, ప్రాప్తం, రాత, నుదుటి గీత, హస్తవాసి. కలిసి రావడం, అచ్చి రావడం. నోచుకోవడం, పెట్టి పుట్టడం, నక్క తోక తొక్కి రావడం. ఈ నక్క తోకకీ అదృష్టానికీ ఏం చుట్టరికమో ఎవరికి వాళ్ళు ఒక కథ చెబుతారు, ఏదీ నమ్మబుద్ధి కాదు. కానీ మాట మాత్రం ఎంత బాగుందో చూడండి.

ఆ జాబితా ముందు పెట్టుకుని చూస్తుంటే నాకొక సంగతి తట్టింది. ఒక్క నక్క తోకని మినహాయిస్తే, మిగతా మాటల్లో చాలా వాటి వెనక ఒక చిట్టాపుస్తకం ఉంది. అదృష్టం అంటే కంటికి కనబడనిది. ఏది కనబడనిది? మనం చేసిన పనికి ఫలితం. చేసింది మనమే, ఫలం వెంటనే కనబడకుండా ఎక్కడో దాగి ఉండి తర్వాత వస్తుందని శాస్త్రాల వాళ్ళు అన్నారు. భాగ్యం భాగంలోంచి వచ్చింది, అంటే మన వాటా. పెట్టి పుట్టడమంటే పోయిన జన్మలో ఎవరికో ఇంత పెట్టాం, ఈ జన్మలో తింటున్నాం. నోచుకోవడం సరేసరి, అచ్చంగా ఆడవాళ్ళ మాట. కట్టుకునే పట్టుచీర దగ్గర్నుంచి కడుపున పుట్టే బిడ్డ దాకా అన్నీ నోముల ఖాతాలో జమ. ఆవిడకి అది దక్కిందంటే ఆవిడ నోచింది. నీకు దక్కలేదూ? నువ్వు నోచుకోలేదు. పైకి ఓదార్పులాగే ఉంటుంది. లోపల మాత్రం "తప్పు నీదే సుమా" అని ఒక ముల్లు.

క్రియల సంగతి కూడా చెప్పాలి. మనకి అదృష్టం "పడుతుంది". శనీ పడుతుంది. దయ్యమూ పడుతుంది. జలుబూ పడుతుంది. ఈ వరసలో అదృష్టం ఎలా చేరిందోగానీ, మన పూర్వీకులు దాన్ని మరీ అంత నమ్మదగిన చుట్టంగా చూడలేదనే అనిపిస్తుంది నాకు.

మరి ఇంగ్లీషు లక్కు ఎక్కణ్ణుంచి వచ్చింది? నిఘంటువులు తిరగేస్తే తెలిసిందేమిటంటే, అది ఇంగ్లీషు వాళ్ళ సొంత సొమ్ము కూడా కాదు. 15వ శతాబ్దంలో హాలెండు, ఉత్తర జర్మనీ ప్రాంతాల భాషల్లోంచి అరువు తెచ్చుకున్నారు. బహుశా జూదగాళ్ళ నోటి వెంట వచ్చి ఉంటుందని పండితుల ఊహ. అంతకు ముందు వాళ్ళకి ఇదే అర్థంలో "హ్యాప్" అనే మాట ఉండేది. మనం పుట్టినరోజుకి చెప్పే "హ్యాపీ" దాంట్లోంచి పుట్టిందే. అంటే హ్యాపీగా ఉన్నవాడికి అసలు అర్థం లక్కు తగిలినవాడని! జర్మను భాషలో ఈనాటికీ లక్కుకీ సంతోషానికీ కలిపి ఒక్కటే మాట, "గ్ల్యూక్". వాళ్ళు ఆ రెంటినీ ఎందుకు విడదీయలేదో, కాస్త సంసారం చేసిన వాళ్ళెవరికైనా అర్థమవుతుంది.

జూదగాళ్ళ మాట కనక పాచికల గుణం దానికి ఇప్పటికీ పోలేదు. పాచిక నిన్ను "ఏం నోచావు?" అని అడగదు. "పోయిన జన్మలో ఎవరికి పెట్టావు?" అనదు. పడుతుంది, అంతే. మన మాటలన్నిట్లో లెక్క ఉంది, లక్కులో లెక్క లేదు. రెంటికీ తేడా ఒక ఎత్వం, ఒక కొమ్ము.

ఛాన్సు కూడా అలాంటిదే కదా అంటారేమో. ఇంగ్లీషులో అవి రెండూ దగ్గరి చుట్టాలే. మన దగ్గరికొచ్చాక వేరు కాపురాలు పెట్టాయి. ఛాన్సు మనం ఒకళ్ళని అడగొచ్చు, "ఒక్క ఛాన్సివ్వండి" అని. లక్కు ఎవర్ని అడుగుతాం? ఛాన్సు ఇచ్చేవాడొకడు ఉంటాడు, లక్కు ఇచ్చేవాడు లేడు. ఇస్తానని చెప్పేవాళ్ళు మాత్రం మా పేటలో చాలామందే ఉన్నారు. స్టీలు సామాన్ల వాళ్ళూ, చీరల వాళ్ళూ పెట్టే లక్కీ స్కీములు మీకు తెలియనివి కావు. 200 మంది చేరతారనుకోండి. నెలకి 500 చొప్పున 20 నెలలు కట్టాలి. నెలకొక పేరు తీస్తారు. పేరొచ్చిన ఆవిడ పదివేల సామాను తీసుకుని ఇక కట్టక్కర్లేదు. మొదటి నెల్లోనే వస్తే 500కే పదివేల సామాను! ఆవిణ్ణి చూసి మిగతా 199 మంది ఉసూరుమంటారు. నేనొకసారి కూర్చుని లెక్క వేశాను. ఇరవై మంది లక్కీ వాళ్ళకి కలిపి కొట్టువాడు వదులుకునేది 95 వేలు. అతని చేతికి వడ్డీ లేకుండా పోగయ్యేది 19 లక్షల పైచిలుకు. లక్కు ఎవరిదో మీకే వదిలేస్తున్నాను. అలాగని స్కీములో చేరడం మానానా అంటే, అది వేరే సంగతి. ఇడ్లీ కుక్కరు కావాల్సొచ్చింది.

అసలు ఈ మాట మీద నాకింత ధ్యాస ఎందుకంటే, మా నాయనమ్మ వల్ల.

నాయనమ్మ పుట్టిల్లు మాచర్ల వైపు. అత్తవారిది గురజాల దగ్గర ఒక పల్లె. 1952లో కాపురానికి వచ్చింది. ఆ రోజుల పల్నాడంటే మీకు తెలిసే ఉంటుంది. పదిహేనో శతాబ్దంలో శ్రీనాథ మహాకవి ఈ సీమకొచ్చి, ఇక్కడి రాళ్ళూ, పాములూ, జొన్నకూడూ చూసి పద్యాల్లో వెక్కిరించి వెళ్ళాడు. ఆయన వెళ్ళిన తర్వాత అయిదు వందల ఏళ్ళకి కూడా మా పల్లెలో కూడు మారలేదు, రాళ్ళూ కదల్లేదు. ఇక ఎండల సంగతి. రెంటచింతల పేరు వేసవిలో పేపర్లో ఎందుకొస్తుందో వేరే చెప్పాలా? అలాంటి చోట నాయనమ్మ అడుగుపెట్టిన ఏడాదే వానలు మొహం చాటేశాయి. వాన రాకపోతే మబ్బుని అనాలి. కానీ మబ్బు అత్తగారి నోటికి అందదు. కొత్తకోడలు అందుతుంది. "ఏం పాదమో తల్లీ" అన్నారు. ఆ మాట తర్వాత ఎన్నేళ్ళు పంట పండినా వెనక్కి పోలేదు.

1958లో తాతయ్యా, ఆయన తమ్ముడూ వేరుపడ్డారు. ఉన్న పొలం రెండు చెక్కలు. పై చెక్కలో బావి ఉంది. పల్లపు చెక్కలో ఏమీ లేదు, వానొస్తే నీళ్ళు నిలిచి పైరు కుళ్ళడం తప్ప. అందరికీ బావి ఉన్నదే కావాలి. పెద్దమనుషులు కూర్చుని రెండు చీట్లు రాసి, చుట్టి చెంబులో వేసి, పక్కింటి మూడేళ్ళ పిల్లాడితో తీయించారు. తాతయ్యకి బావి చెక్క వచ్చింది. ఆ పూట ఊరంతా నాయనమ్మ పాదాన్ని మెచ్చుకుంది. తోడికోడలు, మా చిన్ననాయనమ్మ, మూడు రోజులు అన్నం మానేసి ఏడ్చింది. ఆవిడే నాకీ సంగతి చెప్పింది, పకపకా నవ్వుతూ.

ఆవిడ నవ్వడానికి కారణం ఉంది. 1955 డిసెంబరు 10న నందికొండ దగ్గర నెహ్రూ గారు నాగార్జునసాగర్‌కి పునాది రాయి వేశారు. చీట్లు తీసేనాటికి డ్యాము లేస్తూనే ఉంది. కానీ కుడికాలవ ఏ ఊరి మీదుగా, ఎవరి గట్టు పక్కగా పోతుందో మా పల్లెలో ఎవరికి తెలుసు? తర్వాతెప్పుడో సర్వే వాళ్ళొచ్చారు. రంగులేసిన కర్రలు పాతి, దుర్భిణీల్లోంచి చూసి, రాళ్ళు నాటి వెళ్ళారు. కాలవని ఇష్టమొచ్చినట్టు తిప్పరు. నేల మట్టం చూసుకుంటూ, వాలు పోకుండా, బొజ్జకి మొలతాడు కట్టినట్టు మెరక చుట్టూ తిప్పుకుంటూ పోతారు. నీరు పల్లమెరుగు అన్నారు కదా! కాలవకి దిగువనున్న పొలానికి తూము తెరిస్తే చాలు, నీళ్ళు వాటంతటవే వస్తాయి. ఎగువన, పది బారల దూరంలో ఉన్నా సరే, చుక్క ఎక్కదు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ గారు సాగర్ కాలవలకి నీళ్ళు వదిలారు. మా ఊరి తూముల దాకా రావడానికి ఇంకా కొన్నేళ్ళు పట్టింది. వచ్చాక చూస్తే పల్లపు చెక్క కాలవ కింద, బావి చెక్క కాలవ పైన. చిన్ననాయనమ్మ ఇంట్లో వరన్నం, నాయనమ్మ ఇంట్లో యథాప్రకారం జొన్నన్నం.

చీటీ అదే. పాదమూ అదే. పన్నెండేళ్ళ కింద ఏ నోళ్ళయితే బంగారు పాదమన్నాయో, ఆ నోళ్ళే మళ్ళీ "మొదటే అనుకున్నాంగా" అన్నాయి. ఒక గుంటూరు జిల్లా రైతు పొలంలోకి నీళ్ళెందుకు రాలేదు? అంటే, భూమి ఎత్తు అని చెప్పాలి. మా ఊళ్ళో మాత్రం పెద్దకోడలి కాలు అని చెప్పారు. ఈ కాళ్ళ గొడవ పల్లెటూరి మూఢత్వం అని కొట్టిపారేయకండి. సినిమా వాళ్ళు కార్లలో తిరుగుతూ చేస్తున్న పనీ ఇదే. వరసగా రెండు బొమ్మలు పోతే ఆ పిల్ల ఐరన్ లెగ్గు. రెండు ఆడితే గోల్డెన్ లెగ్గు. అదే హీరోకి నాలుగు పోయినా కథ బాగాలేదంటారు, రిలీజు టైము బాగాలేదంటారు. మగవాళ్ళ కాళ్ళ గురించి మన భాషలో ఆట్టే మాటలు లేవు.

అన్నట్టు కాలవ మాకు లక్కయితే, ఆ రిజర్వాయరు కింద మునిగిపోయిన ఊళ్ళవాళ్ళని అడిగితే ఇంకో మాట చెబుతారు. ఇక్ష్వాకుల నాటి విజయపురి కట్టడాల్లో కొన్నిటిని రాయి రాయి విప్పి, కొండ మీదా అనుపులోనూ మళ్ళీ నిలబెట్టారు. మనుషుల ఇళ్ళని అలా నంబర్లేసి విప్పి పేర్చడం కుదరదు.

1973లో తాతయ్య పోయారు. అక్కణ్ణుంచి నాయనమ్మ తనే ఒక నియమం పెట్టుకుంది. ఎవరూ చెప్పలేదు, చెప్పాల్సినంత దూరం రానివ్వలేదు. ఇంట్లోంచి ఎవరైనా పని మీద బయల్దేరుతుంటే, చెప్పులు వెతుక్కునే చప్పుడు వినపడగానే పెరట్లోకి వెళ్ళి గొడ్ల చావిడి దగ్గర నిలబడేది. వీధి తలుపు చప్పుడయ్యాక తిరిగొచ్చేది. చిన్నప్పుడు మేం బడికి పోయేటప్పుడు కూడా అంతే. మాకు అదొక ఆటలా ఉండేది.

మా మేనత్త టీచరు ట్రైనింగు అయ్యాక 1977లో ఇంటర్వ్యూకి గుంటూరు వెళ్ళాలి. తెల్లవారుజామున బస్సు. పెట్టె పట్టుకుని వసారాలో నిలబడి, ఎంతకీ గడప దిగదట. పెరట్లోకి చూసి కేకేసింది.

"అమ్మా, ఇట్టా రా. నువ్వే ఎదురు రావాల."

"వద్దే. నా ఎదురు మంచిది కాదు. పొద్దుపోతంది, పో."

"నీ ఎదురు వల్ల వచ్చేది లేదు, పోయేదీ లేదు. అంతా లక్కేనే అమ్మా."

"లక్కంటే ఏందే?"

అత్తయ్య తొందరలో ఉంది. "అదృష్టం" అంది.

"అదేగా నాకు లేంది."

ఇక్కడ అత్తయ్యకి ఏం తట్టిందో, ఎలా తట్టిందో, తనకే తెలియదంటుంది. "అది కాదు. అదృష్టమంటే మనం చేసుకుంది. లక్కంటే ఎవరూ చేసుకోంది."

"ఎవరూ చేసుకోందా?"

"ఎవరూ."

"అయితే ఎవర్నీ అనక్కర్లా?"

"అనక్కర్లా. నువ్వు రా ముందు, బస్సు పోద్ది."

నాయనమ్మ పేడచేతులు కడుక్కుని, పమిటకి తుడుచుకుని, చెంబుతో నీళ్ళు పట్టుకుని వీధిలోకి వెళ్ళి ఎదురొచ్చింది. నాలుగేళ్ళ తర్వాత ఆవిడ ఎదురు రావడం అదే మొదలు.

ఉద్యోగం వచ్చిందా అని కదూ మీరడుగుతారు? రాలేదు. ఆ సారి రాలేదు. ఇరుగమ్మలు చెంగులు నోటికడ్డం పెట్టుకుని "చూశారా మరి" అనుకున్నారు. నాయనమ్మ రుబ్బురోలు దగ్గర కూర్చుని, తలెత్తకుండా, "లక్కు తగల్లా" అందట. అని పిండి ఎగదోసుకుంది. ఇరవై అయిదేళ్ళ కాపురంలో జరిగిన చెడ్డకి తన పేరు చేర్చకుండా ఆవిడ చెప్పిన మొదటి మాట అది. మళ్ళీ ఏడాది అత్తయ్యకి ఉద్యోగం వచ్చింది. ఆ సారీ నాయనమ్మే ఎదురొచ్చింది.

ఇంతవరకూ లక్కు పక్షాన వకాల్తా పుచ్చుకున్నాను కానీ, ఈ మాటకి రెండో మొహం ఒకటుంది. దాన్నీ అత్తయ్య దగ్గరే చూశాను. ఉద్యోగం వచ్చిందనగానే ఊరంతా అన్నమాటేమిటో తెలుసా? "ఆ పిల్లది లక్కండీ." జొన్నన్నం మూట కట్టుకుని రోజూ పోనూ రానూ ఎనిమిది మైళ్ళు నడిచి పదో తరగతి గట్టెక్కింది. కిరసనాయిలు లాంతరు ముందు ట్రైనింగు పరీక్షలకి చదివింది. పెళ్ళి సంబంధాలు తప్పిపోతుంటే నలుగురి చేతా నానా మాటలూ పడింది. అదంతా ఒక్క పొల్లుమాటతో తుడిచిపెట్టుకుపోయింది. అమ్మ నెత్తిన ఉన్న నిందని దించిన మాటే కూతురి చేతిలో ఉన్న ఫలాన్ని కూడా లాక్కుపోయింది. అత్తయ్య రిటైరయ్యే రోజున కూడా వేదిక మీద ఒక పెద్దమనిషి "లక్కీ టీచరు" అన్నాడు, పోస్టింగులన్నీ దగ్గర్లోనే వచ్చాయని. ఆవిడ నవ్వి ఊరుకుంది. ఇంటికొచ్చాక కాళ్ళు చూపించింది. పాదాల పగుళ్ళలో ఇంకా ఆ ఎనిమిది మైళ్ళ దుమ్ము ఉన్నట్టే ఉంది.

నా మొదటి నవల వారపత్రికలో సీరియల్‌గా వచ్చినప్పుడు మా బంధువులందరూ ఇదే అన్నారు. పిల్లలు లేవకముందు నాలుగు గంటలకి లేచి రాసి, కొట్టేసి, మూడుసార్లు తిరగరాసిన సంగతి మా వారికొక్కరికే తెలుసు, అదీ లైటు కళ్ళలో పడి నిద్ర పట్టక. మా వారి ప్రసక్తి వచ్చింది కనక ఇంకో సంగతి. ఆయన పొద్దున తన కాఫీ తనే కలుపుకుంటారు. ఇది చూసినవాళ్ళందరూ "మీరెంత లక్కీయో" అని నన్నంటారు. మంచిదే. నేను ఇరవై ఏళ్ళుగా ఆయనకి రెండు పూటలా వంట చేస్తున్నాను. అది చూసి "మీరెంత లక్కీ అండీ" అని ఆయనతో అన్నవాళ్ళు మాత్రం ఇంతవరకూ నాకు తారసపడలేదు. మీకెవరికైనా తారసపడితే నాకొక కార్డు ముక్క రాయండి.

మా సీమలో ఆడదాని లక్కు గురించి అందరికంటే ఎక్కువ మాటలు పడింది నాయకురాలు నాగమ్మ. 1947లో తీసిన "పల్నాటి యుద్ధం"లో కన్నాంబనీ, 1966లో తీసినదాంట్లో భానుమతినీ ఆ వేషంలో చూసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. మా వైపు కథ చెప్పేవాళ్ళు చెప్పేదేమిటంటే, రాజు ఆవిడ ఆతిథ్యానికి మెచ్చి ఏం కావాలో కోరుకోమన్నాడట. నగలడగలేదు, మాన్యాలడగలేదు. ఏడు ఘడియలు మంత్రి పదవి ఇప్పించమంది. ఘడియ అంటే 24 నిమిషాలు. ఏడు ఘడియలంటే మూడు గంటలకి పన్నెండు నిమిషాలు తక్కువ. ఆదివారం మధ్యాహ్నం ఒక సినిమా చూసినంత సేపు. రాజు ఆ దారినే రావడం లక్కు, ఒప్పుకుంటాను. కానీ ఏమడగాలో తెలియడం లక్కా? ఆ కాస్త వ్యవధితో గురజాల కొలువంతా గుప్పిట్లో పెట్టుకోవడం లక్కా? కోడిపందెంలో ఆవిడ పక్షం గెలిచింది, బ్రహ్మనాయుడి పక్షం ఓడి ఏడేళ్ళు మాచర్ల విడిచి వెళ్ళాల్సి వచ్చింది. ఆ గెలుపు కుట్ర అన్నారు, మాయ అన్నారు. అయి ఉండవచ్చు, నేనేం అక్కడ లేను. కానీ అదే పుంజు అవతలి పక్షాన గెలిచి ఉంటే ఏమనేవాళ్ళో మీరూ నేనూ ఊహించుకోగలం. చివరికి కారంపూడి దగ్గర, నాగులేటి ఒడ్డున పారిన నెత్తురంతా కూడా ఆవిడ పద్దులోనే రాశారు. అంతమంది మగవాళ్ళు కత్తులు పట్టుకుని వెళ్ళి చేసిన యుద్ధానికి!

పరీక్షకి వెళ్ళే పిల్లలకి "గుడ్ లక్" చెప్పడం ఇప్పుడు మన ఇళ్ళల్లో మామూలైపోయింది. నాకెందుకో ఆ మాట నోట రాదు. మన పెద్దవాళ్ళు ఏమనేవాళ్ళో గుర్తుందా? "క్షేమంగా వెళ్ళి లాభంగా రా" అనేవాళ్ళు. పరీక్షకైతే "నిదానంగా రాయి" అని. అందులో అదృష్టం ఊసే లేదు. వెళ్ళేది నువ్వు, రాసేది నువ్వు. మా అమ్మాయికి నేను ఇప్పటికీ నిదానంగా రాయమనే చెబుతాను. అది "సరేలే అమ్మా, లక్కు చెప్పు" అంటుంది. చెబుతాను, ఏం చేస్తాను!

నాయనమ్మ చివరి రోజుల్లో నరసరావుపేటలో మా ఇంట్లోనే ఉండేది. ఆవిడకి క్రికెట్టు మీద ఏ మాత్రం ఆసక్తి లేదు. ఎవరు ఎటు పరిగెడుతున్నారో, ఎందుకు పరిగెడుతున్నారో పట్టించుకునేది కాదు. కానీ టాసు మాత్రం తప్పకుండా చూసేది. "బిళ్ళ ఎగరేసేటప్పుడు పిలవండ్రా" అని పిల్లలకి చెప్పి పెట్టుకునేది. టీవీ దగ్గరగా కుర్చీ లాక్కుని, కళ్ళజోడు సవరించుకుని, రూపాయి పైకి లేచి కింద పడేదాకా ఊపిరి బిగబట్టి చూసి, "లక్కు, అంతే" అని లేచి వెళ్ళి పడుకునేది. ఓడినవాడు నవ్వుతూ గెలిచినవాడికి చెయ్యివ్వడం ఆవిడకి భలే నచ్చేది.

2011 ఏప్రిల్ 2న బొంబాయిలో ప్రపంచకప్పు ఫైనలు జరిగింది కదా! మనవాళ్ళకీ శ్రీలంక వాళ్ళకీ. ఆ రోజు టాసు రెండుసార్లు వేశారు. ధోనీ బిళ్ళ ఎగరేశాడు. సంగక్కర ఏమన్నాడో ఆ జనం హోరులో రిఫరీకి వినపడలేదట. అంచేత మళ్ళీ ఎగరేశారు. నాయనమ్మ అప్పటికే సగం లేచింది. మళ్ళీ కూర్చుంది.

"అదేందే? ఒకసారి వేసిందిగా?"

"రిఫరీకి వినపళ్ళేదంట నాయనమ్మా. అందుకని మళ్ళీ వేశారు."

"వినపళ్ళేదంటే మళ్ళీ వేస్తారా?"

"వేశారుగా."

ఆవిడ కళ్ళజోడు తీసి చీర చెంగుతో తుడుచుకుంది. చాలాసేపు తుడిచింది. మ్యాచి మొదలై, పిల్లలు కేకలు మొదలుపెట్టాక, గదిలోకి వెళుతూ వెళుతూ గుమ్మం పట్టుకుని ఆగింది.

"మాకు చీట్లు ఒక్కసారే తీశారు" అంది.